కంపెనీ ల్యాబ్‌కు దారి ప్రొఫెసర్ గది మీదుగానే

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దట, పెద్ద కంపెనీ పరిశోధన ల్యాబ్‌లోనే చేరుతుందట. దానికి పీహెచ్‌డీ కావాలంటోంది. కంపెనీలో పనికి మళ్లీ యూనివర్సిటీ చదువు ఎందుకు? అయిదారేళ్లు సంపాదన లేకుండా ఎలా? పెళ్లి ఎప్పుడు? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: చివరి ప్రశ్న నా పరిధిలోది కాదు. అబ్బాయి అయితే రాసేవారా అని మాత్రం అడగాలనిపించింది. మిగిలిన రెండింటికీ జవాబులు ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఏం చేయాలో పైవాళ్లు చెబుతారు. పరిశోధన ల్యాబ్‌లో ఏం చేయాలో తానే వెతుక్కోవాలి. ఏ సమస్య మీద మూడేళ్లు పెట్టవచ్చు, ఏది ఆరు నెలల్లో వదిలేయాలి అన్న చూపు పుస్తకాలతో రాదు. అది తెలిసిన గైడు పక్కన కూర్చుని, పదిసార్లు తప్పు చేసి నేర్చుకోవాలి. అందుకే ఈ కంపెనీలు మొదటి నుంచీ మనుషుల కోసం యూనివర్సిటీల తలుపే తడుతున్నాయి. మైక్రోసాఫ్ట్ 1991లో పరిశోధన విభాగం పెట్టాలనుకున్నప్పుడు అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రిక్ రషీద్‌ను తెచ్చుకుంది. ఐబీఎం 1998లో భారత్‌లో తన ల్యాబ్‌ను ఏకంగా ఐఐటీ ఢిల్లీ ఆవరణలోనే తెరిచింది.

రషీద్ పనిచేసిన ఆ కార్నెగీ మెలన్‌లోనే మన రాజ్ రెడ్డి గారు 1969 నుంచి ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఆయన ఆస్ట్రేలియాలో ఐబీఎం ఉద్యోగం చేశారు. ఆ ఉద్యోగం వదిలి స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీలో చేరారు. ఆ రోజుల్లో ఐబీఎం ఉద్యోగం వదిలి చదువుకు వెళ్తున్నానంటే ఇంట్లో ఏమనుకుని ఉంటారో మీరే ఊహించండి. 1994లో ఆయనకు కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన కై ఫు లీ 1998లో బీజింగ్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధన ల్యాబ్‌ను నెలకొల్పారు.

ఇక డబ్బు. పీహెచ్‌డీ అంటే సంపాదన లేని కాలం కాదు. కేంద్ర ప్రభుత్వం పరిశోధక విద్యార్థులకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, సాధారణంగా రెండేళ్ల తర్వాత రూ.42,000. కంపెనీలు ఇచ్చే ఫెలోషిప్‌లు వేరు. టీసీఎస్, గూగుల్ లాంటివి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్నవారికి ఇస్తున్నాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ జీతంతో పోలిస్తే తక్కువే కావచ్చు, ఇల్లు గడవని మొత్తం మాత్రం కాదు.

మీ అమ్మాయి ఈరోజే పీహెచ్‌డీకి కట్టుబడాల్సిన పని కూడా లేదు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ ల్యాబ్ 2005 నుంచి, గూగుల్ ల్యాబ్ 2019 నుంచి ఉన్నాయి. బీటెక్, ఎంటెక్ పూర్తిచేసినవారిని ఒకటి రెండేళ్లకు పరిశోధన సహాయకులుగా తీసుకునే పద్ధతి రెండుచోట్లా ఉంది. మైక్రోసాఫ్ట్‌లో రీసెర్చ్ ఫెలో అంటారు, గూగుల్‌లో ప్రీ డాక్టోరల్ రీసెర్చర్. జీతం తీసుకుంటూ పరిశోధన తనకు సరిపడుతుందో లేదో చూసుకోవచ్చు. అక్కడి నుంచి చాలామంది మంచి యూనివర్సిటీలకు పీహెచ్‌డీకి వెళ్తారు. కొందరు 'ఇది నాకు కాదు' అని ఇంజినీరింగ్ ఉద్యోగంలో చేరతారు, అది కూడా లాభమే. పోటీ గట్టిగా ఉంటుంది కాబట్టి ఐఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాసుల్లో పరిశోధన పద్ధతిలో సాగే ఎంఎస్‌ను కూడా మనసులో పెట్టుకోమనండి.

వీటన్నిటిలోనూ మార్కుల కంటే ఎక్కువగా చూసేది రెండు: తానే చేసిన ఒక పని, ఆ పనిని దగ్గరుండి చూసిన ప్రొఫెసర్ రాసే సిఫార్సు లేఖ. 'ఈ విద్యార్థిని క్రమశిక్షణ గలది' అని అందరికీ ఒకేలా రాసిచ్చే కాగితం పనికిరాదు. ఏ చిక్కు దగ్గర ఆగింది, దాన్ని ఎలా దాటింది అన్నది అందులో ఉండాలి. కాబట్టి ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కురావద్దు. తోటివాళ్లందరూ కొనుక్కున్నా సరే. మీ ఊళ్లోనే ఎన్‌ఐటీ ఉంది. తనకు నచ్చిన అంశంపై అక్కడ పనిచేస్తున్న ప్రొఫెసర్ ఎవరో వెతికి, ఆయన ప్రచురించిన పరిశోధన పేపరు ఒకటి పూర్తిగా చదివి, అర్థంకాని చోటు గురించి ప్రశ్న రాసి పంపమనండి. ఉద్యోగం అడగవద్దు, ప్రశ్నే అడగాలి. వేసవిలో రెండు నెలలు శాస్త్రవేత్తల దగ్గర పనిచేసేందుకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇంటర్న్‌గా వెళ్లేవారిని తక్కువగా చూడకండి. ఇప్పటి చాట్‌బాట్లకు పునాది వేసిన 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ పేపరు రాసిన ఎనిమిది మందిలో ఎయిడన్ గోమెజ్ ఒకరు. అప్పటికి ఆయన టొరంటో యూనివర్సిటీలో డిగ్రీ చదువుతూ గూగుల్‌కు వెళ్లిన ఇంటర్న్. అందరికీ అలా కలిసివస్తుందని నేను చెప్పను.

జాగ్రత్తలూ ఉన్నాయి. కంపెనీ డబ్బుతో పీహెచ్‌డీ చేస్తే ఒప్పందంలో ప్రచురణ గురించిన షరతు చదవాలి. పేపరు బయటికి పంపే ముందు కంపెనీ చూసుకోవడం, పేటెంటు దరఖాస్తు వేసేదాకా ఆపమనడం మామూలే. ఎన్ని రోజులు ఆపవచ్చో మాత్రం రాతపూర్వకంగా ఉండాలి. గడువు లేకుండా 'అనుమతి లేనిదే ప్రచురించరాదు' అని ఉంటే, గైడుతో మాట్లాడి మార్పించాకే సంతకం పెట్టాలి.

కంపెనీ ల్యాబ్ శాశ్వతమనీ అనుకోవద్దు. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్‌కు ట్యూరింగ్ అవార్డు ప్రకటించింది 2014 మార్చిలో. ఆయన పనిచేసిన మైక్రోసాఫ్ట్ సిలికాన్ వ్యాలీ ల్యాబ్ మూతపడింది అదే ఏడాది సెప్టెంబరులో. అక్కడివారిలో కొందరు యూనివర్సిటీలకు వెళ్లి ప్రొఫెసర్లయ్యారు. పీహెచ్‌డీ, పేరు మీద పేపర్లు ఉన్నవారికి ఆ రెండో తలుపు తెరిచే ఉంటుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు మాత్రం ఆమెను కూర్చోనివ్వండి. చేతిలో ఒక ఆఫర్ ఉంటే మీకూ నిద్ర పడుతుంది.