అలారం ‘ఆఫ్’ అంటే మోగినట్టా, ఆగినట్టా?

ప్రశ్న: మా అబ్బాయి చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్తున్నాడు. హాస్టల్ వాళ్లు పంపిన కాగితంలో ‘ఇఫ్ ది ఫైర్ అలారం గోస్ ఆఫ్, లీవ్ ది బిల్డింగ్’ అని ఉంది. అలారం ఆగాక బయటికి రమ్మనా? ఆఫ్ అంటే ఆగిపోవడమే కదా!
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదండీ. అలారం మోగగానే బయటికి వచ్చేయమని. ఈ సంగతి మీ అబ్బాయికి విమానం ఎక్కకముందే చెప్పండి, ప్రాణానికి సంబంధించిన విషయం.

ఆఫ్ అనగానే మనకు స్విచ్చి గుర్తొస్తుంది, చిక్కంతా అక్కడే. ఆ మాటకు అసలు అర్థం ‘విడివడి దూరంగా పోవడం’. మనం తెలుగులో ఒకేలా రాసే ఒక ఎఫ్ ‘ఆఫ్’, రెండు ఎఫ్‌ల ‘ఆఫ్’ పాత ఇంగ్లిషులో నిజంగానే ఒకే మాట. కీ ఇచ్చే అలారం గడియారాన్ని తలుచుకోండి. బిగిసి ఉన్న స్ప్రింగును లోపల ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. వేళకు కొక్కెం వదులుతుంది, సుత్తి గంటను కొడుతుంది. తుపాకీ పేలినా, బాంబు పేలినా ‘వెంట్ ఆఫ్’ అనే అంటారు. బిగపట్టి ఉన్నది ఒక్కసారిగా విడుదలైందన్న భావంతో చూస్తే ఈ మూడూ ఒక గూటివే.

మిగతా అర్థాలకు మన ‘పోవు’ చక్కగా సాయపడుతుంది. కరెంటు పోయింది: ‘ది పవర్ వెంట్ ఆఫ్’. చెప్పకుండా వెళ్లిపోయాడు: ‘హీ వెంట్ ఆఫ్’. కాఫీ మీద ఇష్టం పోయింది: ‘ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ’. సభ బాగా జరిగిపోయింది: ‘ది మీటింగ్ వెంట్ ఆఫ్ వెల్’. పర్సు పోయింది, పరువు పోయింది, పెద్దాయన పోయారు అన్నప్పుడు ఏం పోయిందో చూసే కదా మనం అర్థం చేసుకుంటాం! ఇక్కడా అంతే, ముందు కర్తను చూడాలి. అయితే దీపం, కొవ్వొత్తి, మంట ఆరిపోతే మాత్రం ‘వెంట్ అవుట్’.

మనవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. ‘హీ వెంట్ ఆఫ్ ది అలారం’ అనకూడదు. అలారం తనంతట తాను ‘గో ఆఫ్’ అవుతుంది. మనిషో పొగో దాన్ని మోగిస్తే ‘సెట్ ఆఫ్’: ‘ది స్మోక్ సెట్ ఆఫ్ ది అలారం’. హాస్టల్ గదిలో తాలింపు వేసేటప్పుడు పనికొచ్చే వాక్యమే ఇది. మోగుతున్నదాన్ని ఆపడం ‘టర్న్ ఆఫ్’ లేదా ‘స్విచ్ ఆఫ్’. కాబట్టి ‘ది అలారం వెంట్ ఆఫ్, సో ఐ టర్న్‌డ్ ఇట్ ఆఫ్’ అంటే మోగింది, ఆపేశాను అని. ఈ ఒక్క వాక్యం నాలుగుసార్లు పైకి అనుకుంటే తేడా నోటికి పట్టేస్తుంది.

ప్రశ్న: పాలు విరిగిపోయాయి అనడానికి ‘ది మిల్క్ ఈజ్ బ్రోకెన్’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అనకూడదు. నిలవ ఉండి చెడిపోతే బ్రిటన్‌లో ‘ది మిల్క్ హాజ్ గాన్ ఆఫ్’ అంటారు, అమెరికాలో ‘గాన్ బ్యాడ్’ అనడం ఎక్కువ. పాచిపోయిన కూరకూ ఇవే మాటలు. పనీరు కోసం మీరే నిమ్మరసం పిండి విరగ్గొడితే మాత్రం ‘గాన్ ఆఫ్’ అనకండి, ఆ పాలు చెడలేదు కదా. దానికి ‘కర్డిల్’ అనే మాట వాడాలి. కాచేటప్పుడు విరిగినా ‘ది మిల్క్ కర్డిల్డ్’ అంటే సరిపోతుంది.