యూజీడీ లేని చోట కొత్తిల్లు: సెప్టిక్ ట్యాంకా, చిన్న ఎస్టీపీనా?
బెంగళూరు పక్కన హోస్కోటె దాటాక కొత్తిల్లు, యూజీడీ (భూగర్భ మురుగునీటి) లైన్ లేదు, సెప్టిక్ ట్యాంకా, చిన్న ఎస్టీపీనా (మురుగునీటిని శుద్ధి చేసే యూనిట్), ఏది పెట్టించాలని ఒకరు అడిగారు. ముందు మట్టిని చూడండి. సోక్ పిట్ (ట్యాంకు దాటిన నీరు మట్టిలోకి ఇంకే గొయ్యి) తవ్వే చోట గుంత తీసి, నీళ్లతో బాగా నాననిచ్చి, మళ్లీ నింపి ఎంతసేపట్లో ఇంకుతుందో గమనించండి. బాగా ఇంకితే ఒక కుటుంబానికి రెండు గదుల సెప్టిక్ ట్యాంకు, సోక్ పిట్ చాలు, కరెంటు అక్కర్లేదు.

కానీ ట్యాంకు దాటిన నీటిలో రోగక్రిములు ఇంకా ఉంటాయి. బెంగళూరు చుట్టూ కింద రాయి. పగుళ్ల వెంట ఆ నీరు బోరులోకి చేరొచ్చు. మీ బోరుకే కాదు, పక్కింటివాళ్ల బోరుకూ సోక్ పిట్ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. ఇందులో మాత్రం మేస్త్రీ ఎంత చెప్పినా తగ్గకండి.

నీరు ఇంకకపోతే చిన్న ఎస్టీపీ పెట్టి, శుద్ధయిన నీటిని చెట్లకు వదలొచ్చు. అందులోకి గాలి ఊదే బ్లోయర్‌కు కరెంటు కావాలి, తరచూ పోయే ఊళ్లో అదే టెన్షన్. ఏది పెట్టినా మడ్డి తీసే ట్యాంకర్‌కు దారి ఉంచండి.