జేసీబీకి ఫోను చేసే ముందు

తెనాలి

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ కొత్త ఇంటి పునాది తవ్వడానికి జేసీబీ గంటకు ఎంతకు మాట్లాడుకోవాలని నువ్వు అడిగితే, ఉత్తరం రాస్తానని ఫోను పెట్టేశాను. కోపం వచ్చే ఉంటుంది. గంట రేటు గుంటూరులో నలుగురిని అడిగితే తేలిపోతుంది, దానికి నేను అక్కరలేదు. యంత్రం వచ్చి నిలబడ్డాక, ఇంజను ఆడుతుండగా, మేస్త్రీ, మీ ఆయన, మీ మామగారు కలిసి ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో చర్చ పెడతారు చూడు, డబ్బు పోయేది అక్కడ. ఆ చర్చ ఇప్పుడే ముగించాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు నీ నేల సంగతి. మీ స్థలం రేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఇల్లు కూలిపోయేంత పని చేయకపోవచ్చు కానీ, ఏటా రెండుసార్లు పునాదిని కదిలించి గోడల మీద బీటలు గీస్తుంది. ఇప్పుడు ఎండలు ముదిరాయి కాబట్టి ఒక పని చేయి. సన్నని ఇనుప చువ్వ తీసుకుని పెద్ద నెర్రెలో దించి చూడు. ఎంత లోతు దిగుతుందో, కనీసం అంత మేరకు ఆ మట్టి ఏటా కదులుతోందని అర్థం. పునాది దానికంటే కింద, కదలని నేల మీద కూర్చోవాలి. ఎంత కిందన్నది మట్టి పరీక్ష చేయించి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. జేసీబీ ఆపరేటరు చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు.

రేగడి మందం ఎక్కువగా ఉంటే ఇంజనీరు అండర్ రీమ్డ్ పైల్స్ వేయమనవచ్చు. నేలలోకి సన్నని గుండ్రటి బొరియ తొలిచి, అడుగున గంటలా వెడల్పు చేసి కాంక్రీటు పోసే పద్ధతి అది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు మన దేశపు నల్లమట్టి కోసమే దాని మీద ఎంతో పని చేశారు. అదే ఖాయమైతే ఆ బొరియలను ఆగరుతో, అంటే మర తిప్పినట్టు తిప్పుతూ నేలను తొలిచే పరికరంతో, తొలుస్తారు. జేసీబీతో నీకు పని సంపుకీ, సెప్టిక్ ట్యాంకుకీ మాత్రమే. రేటు చెప్పకుండా ఫోను పెట్టేయడానికి ఇదీ ఒక కారణం.

సరే, గుంటలే తవ్వాలనుకుందాం. ఏ యంత్రం? మన వాళ్లకు మట్టి తవ్వేదంతా జేసీబీయే. నిజానికి అది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండులో పెట్టిన కంపెనీ పేరు. ప్రొక్లెయిన్ కూడా అంతే, ఒక ఫ్రెంచి కంపెనీ పేరు మన నోళ్లలో పడి అలా మారింది. నీకు కావలసింది ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న రబ్బరు చక్రాల బండి. అది రోడ్డు మీద తనంతట తానే వస్తుంది, ఇంటి పునాదికి కావలసిన లోతు సులువుగా తవ్వుతుంది. గొలుసుల మీద నడిచే ప్రొక్లెయినును ట్రెయిలరు మీద తేవాలి, ఆ కిరాయి వేరు. సెల్లారు తవ్వేవాళ్లకు అది కావాలి, నీకు వద్దు. బకెట్లలోనూ వెడల్పూ సన్నమూ ఉంటాయి. గుంట కొలత చెప్పి సరిపడే బకెట్టు తెమ్మని ముందే చెప్పు.

మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతులు కాగితం మీద రాసుకో. డీజిలు ఎవరిది? కనీసం ఎన్ని గంటలకు డబ్బు కట్టాలి? రాకపోకలకు విడిగా తీసుకుంటారా? ఆపరేటరు బత్తా ఎవరు ఇస్తారు? బండి చెడిపోయి ఆగిన సమయం లెక్కలోకి రాదని కూడా రాయించు. బండి బీమా కాగితం ఫోటో అడుగు. ముఖం చిట్లిస్తే ఇంకొకరిని చూసుకో.

బండిలో గంటల మీటరు ఉంటుంది. పని మొదలుపెట్టే ముందూ, ముగించాకా దాన్ని ఫోటో తీయి. ఆ మీటరు దశాంశాల్లో చూపిస్తుంది. 3.5 అంటే మూడున్నర గంటలు, మూడు గంటల యాభై నిమిషాలు కాదు. దీని మీద గొడవ పడి మాటలు మానేసిన వాళ్లను నేను చూశాను. ఇంజను ఆడుతున్నంత సేపూ, తవ్వినా తవ్వకపోయినా, మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే మట్టి మోసే ట్రాక్టర్లు సరిపడా లేకపోతే నష్టం నీదే.

ఆ లెక్క కూడా వేసి పెడుతున్నాను. 12 గుంటలు, ఒక్కొక్కటి 5 అడుగుల పొడవు, 5 వెడల్పు, 6 లోతు అనుకో. గుంటకు 150, మొత్తం 1,800 ఘనపుటడుగులు. తవ్విన మట్టి గుల్లబారి పెరుగుతుంది. పావు వంతు వేసుకున్నా 2,250 అవుతుంది. మన దగ్గర యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కనుక ఇరవై రెండున్నర యూనిట్లు. ట్రాక్టరు తొట్టి యూనిట్ పడుతుందని వాళ్లు అంటారు, నువ్వు టేపుతో కొలువు. నల్లమట్టిని తిరిగి పునాది చుట్టూ పోయనివ్వకు. అదే ఉబ్బి మళ్లీ నెడుతుంది. అది మొత్తం బయటికి పోవాలి, గ్రావెల్ లోపలికి రావాలి. మొక్కల కోసం పై అడుగు మట్టి కొంత ఓ మూల ఆపుకో.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, మీ అత్తయ్య వినకుండా. మా ఇల్లు కట్టేటప్పుడు ఆపరేటరును నమ్మి టీ తాగడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వరండా మూల గుంట అడుగున్నర ఎక్కువ లోతు పోయింది. ‘ఏముంది సార్, మట్టి వేసి తొక్కిద్దాం’ అన్నాడు. ముప్ఫై ఏళ్లు వంతెనల పని చూసిన వాణ్ణి, సరేనన్నాను! రెండో వానాకాలానికి ఆ మూల దిగి, తలుపు చెక్క గడపకు పట్టేసింది. ఇప్పటికీ ఆ తలుపును భుజంతో నెట్టాలి. కాబట్టి యంత్రాన్ని చివరి అర అడుగు పైనే ఆపించు. మిగిలింది కూలీలు పారతో తీసి అడుగు చదును చేయాలి. ఎక్కడైనా పొరపాటున లోతు ఎక్కువైతే ఆ మేరకు పలచని బెడ్ కాంక్రీటే పోయించు, మట్టి వద్దు. లోతు సరిచూడటానికి దారం కట్టి, ఒక కర్ర మీద గుర్తు గీసి నీ చేత్తోనే దించి చూడు.

ముగ్గు పోయడం, మూలమట్టం చూడటం బండి వచ్చే ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. మూల దగ్గర ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు రావాలి. రాకపోతే ఇల్లు వంకరే.

పడమటి ప్రహరీ పక్కింటి వాళ్లది, పాతది. ఆ వెంబడి గుంటలన్నీ ఒకేసారి తవ్వించకు. ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు పోశాక మిగిలినవి పట్టు. పక్కవాళ్ల నేలకు మన నేల ఆసరాగా ఉండాలన్నది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమే గుర్తించిన హక్కు. చట్టం మాట ఎలా ఉన్నా, ముందే వాళ్ల గోడ మీద ఉన్న బీటలను వాళ్ల ఎదుటే ఫోటోలు తీసి పెట్టు.

6 అడుగుల గుంటలో మనిషి దిగితే ఆ గుంట మట్టి గోడ విరిగి మీద పడవచ్చు. 5 అడుగులు దాటితే గోడలను ఏటవాలుగా కోయాలి, లేదా చెక్కలు, దుంగలతో ఆపాలి. తవ్విన మట్టిని ఒడ్డుకు కనీసం 5 అడుగుల దూరంలో పోయించు. ఒడ్డునే కుప్ప పెడితే దాని బరువే గుంటను కూలుస్తుంది. పైన కరెంటు తీగలున్నాయి, బండి చెయ్యి పైకి లేచినప్పుడు వాటిని చూసుకోమను. రాత్రి గుంటల చుట్టూ తాడు కట్టి, ఓ దీపం పెట్టండి. మీ వీధిలో పిల్లలు ఎక్కువ.

మృగశిర కార్తె వచ్చేలోపు పునాది నేలమట్టం దాటాలి. వానకు నిండిన రేగడి గుంట అడుగు బురదను ఎత్తిపోయడమంత దండగ పని ఇంకొకటి లేదు.

ఆదివారం ఉదయం పాసింజరుకు నేనూ, ఇద్దరు కూలీలూ వస్తున్నాం. స్థలం మధ్యలో ఒక గుంట చేత్తోనే తవ్వించి రేగడి ఎక్కడ ముగుస్తుందో చూద్దాం. ఇంజనీరునూ రమ్మను. గునపం మేమే తెస్తాం. మంచినీళ్లు, మజ్జిగ నువ్వు చూసుకో. అంతవరకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

మామయ్య