సమాధానం: సిగ్గుపడటం వేరు, పరువు పోవడం వేరు

మీ కథలో దామలచెరువు మామిడి మండీలో తూకం మోసం బయటపడ్డ వ్యాపారికి "అందరి ముందూ సిగ్గు పోయింది" అని రాశారు, ఎందుకో అతకలేదన్నారు. చిక్కు "పోయింది" దగ్గరే ఉంది. పరువు పోతే మనిషికి నష్టం. సిగ్గు పోయిందంటే మాత్రం, దాన్ని వదిలేసి తెగించాడేమో అని చదివేవాళ్లకు తోస్తుంది.

సిగ్గు లోపలిది, సాక్షులు అక్కర్లేదు. తప్పు ఎవరికీ తెలియకపోయినా "వాడికి సిగ్గేసింది" అనొచ్చు. పరువు నలుగురి చేతిలో ఉంటుంది. అందుకే ఇంటి పరువు, ఊరి పరువు అంటాం గానీ ఊరి సిగ్గు అనం. ఏ తప్పూ చేయనివాడి పరువు కూడా ఒక్క పుకారుతో పోతుంది. పరువు పోయినా సిగ్గుపడనివాళ్లూ ఉంటారు, కథలకు వాళ్లే బాగా పనికొస్తారు!

మండీ దగ్గర "పరువు పోయింది" పెట్టండి. "నవ్వులపాలయ్యాడు" వద్దు, అది మోసానికి కాదు, వెర్రితనానికి నప్పుతుంది. రాత్రి ఇంట్లో కూతురు "కాటా మార్చినావా నాయనా?" అని అడిగినప్పుడు "సిగ్గుతో తలెత్తలేకపోయాడు" రాయండి. "అవమానం" వాడాలంటే చేసినవాడు కనిపించాలి. రైతు ఎవరైనా అతని చొక్కా పట్టుకుంటే తప్ప ఇక్కడ ఆ మాట అక్కర్లేదు.