బ్యాక్ బే: నీరు కాపాడే పునాదులు

ప్రశ్న: అమెరికాలోని బోస్టన్ నగరంలో బ్యాక్ బే అనే పాత నివాస ప్రాంతం ఒకప్పుడు నీటిలో ఉండేదని చదివాను. అది నిజమైతే, అంత బరువైన ఇటుక ఇళ్లను అక్కడ అంత తీరైన వరుసల్లో ఎలా నిలబెట్టగలిగారు?

జవాబు: మీరు చదివినది నిజమే. చార్లెస్ నది పక్కన ఆటుపోట్లకు మునిగి తేలే బురదనేల అది. 1821లో పూర్తయిన మిల్ డ్యామ్ నీటి రాకపోకలను అడ్డగించడంతో నగరపు మురుగు అక్కడే నిలిచి, దుర్గంధం భరించరానిదైంది. ఆ నేలను పూడ్చడానికి ఇళ్ల స్థలాల కొరత ఎంత కారణమో, ఈ మురుగూ అంతే కారణం. 1850ల చివరి నుంచి, సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని నీధమ్‌లో ఆవిరి యంత్రాలతో గ్రావెల్ తవ్వి, రేయింబవళ్లు రైళ్లలో తెచ్చి పోశారు.

పూడిక తూర్పు నుంచి పడమరకు సాగింది. ఇళ్లూ దాని వెంటే లేచాయి. అందువల్ల ఆర్లింగ్టన్ వీధి నుంచి అక్షరక్రమంలో పేర్లు పెట్టిన అడ్డవీధులను దాటుతూ హెర్‌ఫర్డ్ వీధి దాకా నడిస్తే, 1860ల నాటి ఫ్రెంచి తరహా మాన్సార్డ్ కప్పులతో (కింది భాగం నిటారుగా, పై భాగం దాదాపు చదునుగా ఉండేవి) మొదలై, ఆ తరవాతి దశాబ్దాల శైలులు దాదాపు వరుసగా ఎదురవుతాయి. ఇన్ని శైలులున్నా వీధి చెదరినట్టు అనిపించకపోవడానికి, నా దృష్టిలో, వాస్తుశిల్పుల ప్రతిభ కన్నా స్థలాల దస్తావేజుల్లో రాసిన షరతులే ఎక్కువ కారణం: ఇల్లు వీధి నుంచి ఇంత వెనక్కి ఉండాలి, మూడంతస్తులకు తగ్గకూడదు అని అవి ముందే కట్టడి చేశాయి.

ఇక పునాదుల సంగతి. పూడిక మట్టి, దాని కింది బురద ఈ బరువును మోయలేవు కనుక, పొడవాటి చెక్క దుంగలను లోపలి గట్టి పొర తగిలేదాకా దిగగొట్టి, వాటి తలలపై రాతి పునాది కట్టారు. నీటిలో మునిగి ఉన్నంత కాలం ఆ చెక్కకు గాలి సోకదు, కాబట్టి కుళ్లదు. భూగర్భజలం దిగిపోయి దుంగ తల బయటపడితే శిలీంధ్రం పట్టి మెత్తబడుతుంది, పైన గోడ పగులుతుంది. మురుగు కాలువలు, సొరంగాలు నీటిని లాగేసిన చోట్ల సరిగ్గా ఇదే జరిగింది. అలా దెబ్బతిన్న ఇంటికి, కుళ్లిన తలలను కోసి ఉక్కు, కాంక్రీటుతో ఊతమివ్వాలి. అది చాలా ఖర్చుతో కూడిన పని. అందుకే ఇప్పుడు అక్కడ పరిశీలన బావులతో నీటిమట్టాన్ని కొలుస్తూ ఉంటారు, కొత్త నిర్మాణాలు వాననీటిని భూమిలోకి ఇంకించాలని నగరపు నిబంధన కూడా ఉంది.