ఇన్నెస్ బొమ్మ ముందు ఎలా నిలబడాలంటే

చి. రమ్యకి, పెద్దమ్మ ఆశీస్సులు.

వాషింగ్టన్ వెళ్తున్నామన్నావు కదా. నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదని అన్నీ చూసేయాలని పరుగులు పెట్టకు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ చిత్రకారుడు జార్జ్ ఇన్నెస్ వేసిన 'లాకవానా లోయ' బొమ్మ దగ్గర అరగంట గడిపితే చాలు. ఆ రోజు గోడమీద ఉందో లేదో మాత్రం ముందే ఆన్‌లైన్‌లో చూసుకో.

ముందు దూరం నుంచి చూడు. లేత వెలుగు, పచ్చిక, అందులో టోపీ పెట్టుకుని వాలిన అబ్బాయి. హాయిగా ఉంటుంది. అప్పుడు దగ్గరికి వెళ్లు. పచ్చిక నిండా నరికేసిన చెట్ల మోళ్లు! పొగ వదులుతూ వస్తున్న రైలు, వెనక గుండ్రటి ఇంజన్ షెడ్డు, స్క్రాంటన్ ఊరు. 1856 ప్రాంతంలో రైలు కంపెనీ డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ ఇది. మరి కంపెనీని పొగిడాడా, ఎత్తిపొడిచాడా? పండితులు ఇంకా తేల్చలేదు. పక్కనున్న కార్డు చదవకముందే నీకేమనిపిస్తుందో చూసుకో. నన్నడిగితే ఆ మోళ్లు ఊరికే పెట్టలేదు. వేయించుకున్నవాళ్లు దాన్నెంత భద్రంగా దాచుకున్నారంటే, ఏళ్ల తర్వాత మెక్సికో సిటీలో పాత సామాన్ల కొట్లో ఇన్నెస్‌కే దొరికింది! బుజ్జిగాడు విసిగిస్తే మోళ్లు లెక్కపెట్టమను, నీకు కాస్త టైం దొరుకుతుంది.

న్యూజెర్సీ తిరిగొచ్చాక ఒక ఆదివారం మాంట్‌క్లెయిర్ మ్యూజియంకి వెళ్లు. 1885 నుంచి ఆయన కాపురం ఆ ఊళ్లోనే. అక్కడున్న ఆయన చివరి ఏళ్ల బొమ్మల దగ్గర చూసే పద్ధతి తిరగబడుతుంది. మనిషంటే రెండు కుంచె గీతలు, అంతే. చెట్టు ఎక్కడ ఆగిందో, సాయంత్రపు వెలుగు ఎక్కడ మొదలైందో తెలియదు. ఫోకస్ పోయిన ఫోటోలా ఉందని విసుక్కోకు. ఆయనకి స్వీడెన్‌బోర్గ్ అనే స్వీడన్ ఆధ్యాత్మికవేత్త తత్వం బాగా పట్టింది. కంటికి కనిపించే పొలం వెనక కనిపించనిది ఇంకొకటుందని నమ్మిన మనిషి. పల్చటి రంగు పూతలు ఒకదానిమీద ఒకటి వేస్తూ, అయిపోయిందన్న బొమ్మని కూడా మళ్లీ గెలికేవాడు. వీటికి దగ్గరగా వెళ్తే రంగు తప్ప ఇంకేం దొరకదు. మెల్లగా వెనక్కి జరుగు, ఒకచోట ఆ మరక చెట్టవుతుంది. అక్కడ ఆగు.

ఫోన్ బ్యాగులోనే ఉంచు. ఆ ముదురు ఆకుపచ్చల్ని ఫోన్ తెల్లగా చేసి పాడుచేస్తుంది. జ్ఞాపకానికి కావాలంటే షాపులో పోస్ట్‌కార్డు కొనుక్కో, రంగులు కాస్త నయం.

మీ పెద్దమ్మ