టాల్, హై: ఏది ఎక్కడ?

ఇంగ్లీషులో టాల్ (tall), హై (high) రెండింటికీ ఎత్తు అనే అర్థం కదా, ఏది ఎప్పుడు వాడాలి అని ఒకరు అడిగారు. అర్థం బట్టి చూస్తే తేలదు, వస్తువు ఆకారం చూడండి.

నేల మీదో పీఠం మీదో నిలబడి, వెడల్పు తక్కువా నిలువు ఎక్కువా ఉన్నది టాల్: మనిషి, కొబ్బరిచెట్టు, కరెంటు స్తంభం, పొగగొట్టం. హైదరాబాద్‌లో 2023లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 ఫీట్ టాల్. దాని కింది పీఠం 50 అడుగులు. అంటే విగ్రహం పాదాలే నేలకి అంత పైన ఉన్నాయి. ఆ పైన ఉండటం చెప్పాలంటే టాల్ పనికిరాదు, హై అనాలి. అటక, సీలింగు, మబ్బులు అన్నీ ఇంతే. అడ్డంగా పరుచుకున్న గోడ, ఆనకట్ట, కొండ కూడా హైయే. నాగార్జునసాగర్ డ్యామ్ 124 మీటర్స్ హై. కొండని టాల్ అనేవాళ్లూ ఉన్నారు, తప్పు పట్టక్కర్లేదు.

తేడా బాగా తెలిసేది కిటికీ దగ్గర. టాల్ విండో అంటే దాదాపు నేల దాకా దిగిన నిలువు కిటికీ. హై విండో అంటే బాత్రూమ్‌లో చేతికందకుండా పైన పెట్టేది. అది జానెడే ఉన్నా హైయే.

మనవాళ్లు తడబడేది హైట్ వల్ల. "మై హైట్ ఈజ్ ఫైవ్ ఫీట్ సిక్స్" సరైనదే. దాన్ని తిప్పి "ఐ యామ్ ఫైవ్ ఫీట్ సిక్స్ హై" అంటే కుదరదు, అక్కడ టాల్ రావాలి. కొలత పేరు హైట్ ఒక్కటే, అది రెండింటికీ పనిచేస్తుంది. అంకె లేకుండా "మై బ్రదర్ ఈజ్ వెరీ హై" అన్నారంటే ఇంకా ప్రమాదం: తమ్ముడు మత్తులో ఉన్నాడనుకుంటారు! ఒక్క చోట మాత్రం మనిషికీ హై నడుస్తుంది. పసిపిల్ల అప్పటికి ఇంతే ఉండేదని చెయ్యి కిందికి పెట్టి చూపిస్తూ "దిస్ హై" అంటారు.

తెలుగులో పొడుగు అంటాం కదా అని మనిషికి లాంగ్ (long) తగిలించకండి. అది జడకి, తాడుకి, రోడ్డుకి.

ధర, జ్వరం, బీపీ, స్పీడు లాంటి కంటికి కనపడని వాటికి హై తప్ప టాల్ రాదు. పేపర్లలో కనిపించే "టాల్ క్లెయిమ్స్" వేరే సంగతి, అవి కోతలు.